మన మధ్య కాగితాలెందుకు

ఆ రోజు పొద్దున చేయవలసిన పనులు ఇవి.

ఆడపిల్లల హాస్టల్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు కట్టేయించాలి.
బయటి నుంచి నీళ్ల లారీ తెప్పించాలి. అది వెనక గేటులోంచి రావాలి, ముందు గేటు దగ్గర విలేకరులున్నారు.
ఆస్పత్రిలో ఉన్న అమ్మాయిల ఇళ్లకు ఫోన్లు చేయాలి. 'కామెర్లు' అనకూడదు, 'కాస్త నలతగా ఉంది' అనాలి.
ఆస్పత్రికి పళ్లు పంపాలి. పళ్లకంటే ముందు ఫొటోగ్రాఫర్ చేరాలి.
వీసీ గారికి వేరే చొక్కా తెప్పించాలి. మరీ తెల్లగా ఉండకూడదు.
వార్డెన్ మేడం ఎక్కడున్నారో కనుక్కోవాలి.

ఇదంతా ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. వీసీ గారు మెట్లెక్కుతూ చెప్పారు. నేను ఆయన వెనకాల ఎక్కుతూ, చిన్నప్పుడు ఎక్కాలు వల్లించినట్టు పెదాలు కదుపుతూ వల్లించుకున్నాను. ఆఖరి పని అన్నిటికంటే తేలికైంది. వార్డెన్ మేడం తెల్లవారకముందు నుంచీ ఆస్పత్రిలోనే ఉన్నారు. ఒక అమ్మాయి వాంతి చేసుకుంటుంటే బేసిన్ పట్టుకుని నిలబడ్డారని ఆస్పత్రి నుంచి వచ్చిన డ్రైవరు చెప్పాడు. ఆ మాట వీసీ గారికి చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆగి, 'బాధ్యత ఇప్పుడు గుర్తొచ్చిందన్నమాట' అని మిగిలిన మెట్లు ఎక్కారు.

నేను వీసీ గారి ఆఫీసులో సహాయకురాలిని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. కాబట్టి ఆఫీసులో ఏది మామూలో ఏది మామూలు కాదో నాకు చెప్పగలిగినవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. అక్కడ చూసిందే మామూలు అనుకున్నాను.

మా విశ్వవిద్యాలయంలో అందరూ వింతగా చెప్పుకునే పద్ధతి ఒకటుంది. అక్కడ సిబ్బంది కాగితం మీద ఏదీ అడగరు.

అది వీసీ గారు పెట్టిన పద్ధతే. ఆయన వచ్చేసరికి అంతా గొడవగా ఉండేది. జీతాలు ఆలస్యమై, సమ్మె జరిగి, ఒకరి మీద ఒకరు మూడేసి కాపీలతో ఫిర్యాదులు పెట్టుకునే రోజులవి. మొదటి సమావేశంలోనే ఆయన తన కుర్చీ వేదిక మీంచి కిందికి దింపించి, అందరి మధ్యా వేయించుకుని కూర్చున్నారు. "ఇంట్లో అన్నం పెట్టమని అమ్మకి అర్జీ రాస్తామా? మన మధ్య కాగితాలెందుకు? నా దగ్గరికి రండి, చెప్పండి, అయిపోతుంది" అన్నారు. వెనక వరుసలో ఒకాయన కళ్లు తుడుచుకున్నాడని చెబుతారు.

నిజంగానే అయిపోయేది. సెలవు కావాలంటే వెళ్లి చెప్పడమే. గదికి సున్నం వేయించాలంటే వెళ్లి చెప్పడమే. వీసీ గారు బల్ల వెనక నుంచి లేచి వచ్చి, మన పక్క కుర్చీలో కూర్చుని, టీ తెప్పించి, మనం చెప్పిందంతా తల పంకిస్తూ వినేవారు. చివర్న గొంతు తగ్గించి, 'ఇది నీకొక్కడికే చెబుతున్నా' అని ఏదో ఒకటి చెప్పేవారు. అలా చెప్పించుకున్న మనిషి గది బయటికి వచ్చేటప్పుడు నడకే మారిపోయి ఉండేది. ఆ గదిలో టీ ఇచ్చేది నేనే కాబట్టి చాలా నడకలు చూశాను.

నా ఉద్యోగం కూడా అలాంటిదే. ఏడాదికని తీసుకున్నారు. ఏడాది అయిపోయాక ఏం చేయాలో తెలియక గుమ్మంలో నిలబడితే, వీసీ గారు తల ఎత్తి చూసి నవ్వారు. "నువ్వు మా పిల్లవి. నీది పర్మనెంటే అనుకో. పో, పని చూసుకో" అన్నారు. పోయి పని చూసుకున్నాను. జీతం మటుకు నెలనెలా రిజిస్ట్రార్ గారు ఒక కవరులో పెట్టి ఇచ్చేవారు. రిజిస్ట్రార్ గారిని అందరూ 'చిత్తం గారు' అనేవారు. వీసీ గారు ఏమన్నా ఆయన అనేది అదొక్కటే.

ఇంటికెళ్లి చెబితే నాన్న పొంగిపోయాడు. నాన్న వీధి మలుపులో కూర్చుని తాళాలు బాగుచేస్తాడు, మారు తాళంచెవులు చేసిస్తాడు. మా పేటలో సగం ఇళ్ల తాళంచెవులు ఆయన చేతిలో పుట్టినవే. ఇంటి తాళంచెవి చేతిలో పెట్టి సాయంత్రం వస్తామని వెళ్లిపోతారు తప్ప, ఎవరూ ఇంతవరకూ రసీదు అడగలేదు.

"అంత పెద్ద చదువుల చోట కూడా మాట మీదే నడుస్తోందంటే మంచివాళ్లమ్మా. నీ అదృష్టం" అన్నాడు.

అమ్మ మాత్రం, "పర్మనెంటే అనుకో అన్నాడా, పర్మనెంటు అన్నాడా?" అని అడిగింది. నాన్న విసుక్కున్నాడు. నీకు ప్రతిదానికీ పేచీయే అన్నాడు.

ఇక వార్డెన్ మేడం సంగతి. ఆవిడ స్టాటిస్టిక్స్ పాఠాలు చెబుతారు. హాస్టల్ పని ఎవరూ ఒప్పుకోకపోతే ఆవిడ నెత్తిన పడింది. పిల్లలకు ఆవిడంటే హడలు, ఏదైనా రెండేసిసార్లు అడుగుతారు. తిన్నావా? తిన్నావా? ఇంటికి ఫోన్ చేశావా? చేశావా? అమ్మాయిలు ఆవిడ నడకనూ మాటనూ అనుకరించి ఒకరినొకరు నవ్వించుకునేవారు. ఆవిడ అది చాటు నుంచి చూసి, 'చేతులు ఇంకాస్త ఊపాలే' అని సరిదిద్ది వెళ్లారట.

ఒక మధ్యాహ్నం ఆవిడ వీసీ గారి గదికి వచ్చారు. నేను టీ కప్పులు సర్దుతున్నాను. హాస్టల్ వెనక మురుగు గొట్టం పగిలిందనీ, దాని పక్కనే ట్యాంకుకి నీళ్లెక్కే మంచినీళ్ల తొట్టి ఉందనీ, ఆ తొట్టి గోడ బీటలు వారిందనీ, నీళ్లు వాసన వస్తున్నాయనీ చెప్పారు. ఏదీ వదలకుండా, పాఠం చెప్పినట్టే చెప్పారు. వీసీ గారు అలవాటు ప్రకారం లేచి వచ్చి పక్కన కూర్చున్నారు. ఇంజనీరుకి ఈ రోజే చెప్పేస్తానన్నారు.

"వివరంగా రాసిస్తానండి. ఇంజనీరు గారికి ఉపయోగపడుతుంది" అన్నారు మేడం.

వీసీ గారు నవ్వారు. కోపం లేదు ఆ నవ్వులో. బాధ ఉంది, అది కనబడేంత ఉంది.

"నా మీద నమ్మకం లేదా అమ్మా?"

వార్డెన్ మేడం ముఖం ఎర్రబడింది. అయ్యో, అది కాదండీ అన్నారు. తీసిన పెన్ను మళ్లీ సంచిలో పెట్టేసుకున్నారు. టీ తాగి వెళ్లిపోయారు. రాయడం మర్యాద తక్కువ పని అయిపోయిన చోట, ఇంత చదువుకున్న మనిషి కూడా సిగ్గుపడి పెన్ను మూసేసింది. ఇంకో చోటైతే ఈ పొరపాటు ఎవరూ చేయరు.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చారు. వాసన పెరిగిందన్నారు. అప్పుడూ నేను గదిలోనే ఉన్నాను, కిటికీ తెర దింపుతున్నాను. వీసీ గారు గొంతు తగ్గించి, "మీకొక్కరికే చెబుతున్నా. మొత్తం పైపులైనే కొత్తది వేయిస్తున్నా. బయటికి పొక్కిందంటే మగపిల్లల హాస్టల్ వాళ్లు మాకెందుకు వేయరని గొడవ చేస్తారు. మీ కడుపులో పెట్టుకోండి" అన్నారు. మేడం కడుపులో పెట్టుకున్నారు. ఆ నీళ్లు కూడా పిల్లలతో పాటు తాగారు.

ఆ తర్వాతే అమ్మాయిలు వరసగా మంచాన పడ్డారు. ముందు జ్వరాలన్నారు, తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. మొదటి సంవత్సరం పిల్ల ఒకతి చాలా ప్రమాదంలో పడింది. ఆ పిల్ల కూడా వాళ్లింట్లో చదువుకుంటున్న మొదటి మనిషే. వాళ్ల నాన్న ఆస్పత్రి వరండాలో చెప్పులు విడిచి, గోడకి ఆనుకుని, ఎవరు కనబడితే వాళ్లకి దండం పెట్టడం చూశాను. పళ్లు తెచ్చిన అటెండరుకి కూడా పెట్టాడు.

పత్రికలు అడగడం మొదలుపెట్టాయి. పైనుంచి విచారణ సంఘాన్ని వేశారు. అది వచ్చేలోపు వీసీ గారు సిబ్బందిని ఒక్కొక్కరినే గదికి పిలిచి టీ ఇచ్చారు.

నేను టీ పెడుతూనే ఉన్నాను, ఆయన చెబుతూనే ఉన్నారు. చెప్పింది ఒకటే. పాపం వార్డెన్ గారు మంచి మనిషే, ఇంట్లో ఏవో చికాకులట, మనసు పని మీద లేదు, నీళ్ల సంగతి ముందే ఒక్క మాట చెవిన వేసి ఉంటే ఈ ఘోరం జరిగేదే కాదు, అయినా ఆవిడని ఏమీ అనొద్దు, ఇది నీకొక్కడికే చెబుతున్నా. 'పిల్లలు' అనే మాట దగ్గర కళ్లు తుడుచుకోవడానికి కళ్లజోడు తీసేవారు. ప్రతిసారీ అక్కడే తీసేవారు. కొన్నాళ్లకు నాకు అలవాటై, ఆయన కళ్లజోడు తీసే సమయానికి బిస్కెట్ల ప్లేటు కొంచెం వెనక్కి జరిపేదాన్ని, చెయ్యి తగలకుండా.

ఆ చివర్లోనే ఒకరికి ఇల్లు, ఒకరి కొడుకుకి సీటు, ఒకరికి డీన్ పదవి మాట ఇచ్చేవారు. ఫిలాసఫీ మేష్టారు డీన్ పదవితో బయటికి వచ్చినప్పుడు నా వైపు చూసి, "సత్యం అనేది చాలా సంక్లిష్టమైంది అమ్మాయ్" అన్నారు. అవునండీ అన్నాను.

అందరి తర్వాత నన్ను కూర్చోమన్నారు. ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు. టీ ఎవరు తెస్తారో తెలియక ఇద్దరం కాసేపు తలుపు వైపు చూశాం. చివరికి నేనే లేచి తెచ్చుకుని మళ్లీ కూర్చున్నాను.

"నువ్వు నా కూతురులాంటిదానివి" అన్నారు. "వార్డెన్ గారు ఎప్పుడో వచ్చి ఏదో చెప్పానంటున్నారు. నాకైతే గుర్తులేదు. నువ్వు ఆ టైములో గదిలో లేవు కదా?"

అడిగినట్టు లేదు. మరిచిపోయిన సంగతి నాకు గుర్తు చేస్తున్నట్టు ఉంది.

నేను కప్పు ట్రేలో పెట్టి లేచాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, నీ ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాగా అన్నారు.

ఇంటికెళ్లి జరిగిందంతా చెప్పాను. అమ్మ బియ్యం చేటలో పోసి రాళ్లు ఏరుతోంది. ఆవిడ చెప్పడం నువ్వు విన్నావా అని అడిగింది. విన్నానన్నాను. "మరింకేం" అని మళ్లీ చేట వైపు వంగింది. ఉద్యోగం పోతే పోయిందిలే అనడానికి నాన్న నోరు తెరవడం, మూయడం చూశాను. ఆయన అనలేకపోయాడు. తన స్నేహితులందరికీ నా ఉద్యోగం గురించి చెప్పుకున్నాడు, నా పాత గుర్తింపు కార్డు ఒకటి తాళాల పెట్టెలో పెట్టుకుని తిరుగుతున్నాడు. నేను ఆయన్ని తప్పు పట్టను.

విచారణ సెనేట్ హాల్లో జరిగింది. సంఘం పెద్ద ఒక విశ్రాంత అధికారి. సన్నగా ఉంటాడు, ఎవరినీ కసురుకోడు, ప్రతి జవాబు పూర్తయ్యేదాకా ఆగుతాడు. సిబ్బంది అంతా హాజరు. నేను ట్రే పట్టుకుని వెనక తలుపు దగ్గర ఉన్నాను.

వార్డెన్ మేడం నిలబడి, వీసీ గారికి ముందే చెప్పానన్నారు.

"కాగితం ఉందా?" అని అడిగాడు అధికారి.

"లేదండి. నోటితో చెప్పాను."

"ఎందుకని?"

"రాసిస్తానంటే, నమ్మకం లేదా అన్నారండి."

"ఉందా?"

"అప్పుడుంది."

అధికారి రాసుకున్నాడు. వీసీ గారిని అడిగితే ఆయన చాలా మృదువుగా, మేడం ఆరోగ్యం ఈ మధ్య బాగోలేదనీ, ఆవిడ మీద ఎలాంటి చర్యా వద్దని తన మనవి అనీ చెప్పారు. 'పిల్లలు' దగ్గర కళ్లజోడు తీశారు. మీరు చెప్పడం విన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అధికారి వార్డెన్ మేడంను అడిగాడు. మేడం నా వైపు చూడలేదు. చూస్తే నా పని పోతుందని ఆవిడకి తెలుసు. ఎవరూ లేరండీ అనబోయారు.

నేను ట్రే పక్కన పెట్టి, "నేను విన్నానండి" అన్నాను. "రెండుసార్లూ గదిలో ఉన్నాను."

హాలంతా వెనక్కి తిరిగింది. మాట సాఫీగానే వచ్చింది. మురుగు గొట్టం, తొట్టి బీటలు, కొత్త పైపులైను, బయటికి చెప్పొద్దన్న మాట, అంతా వరసగా చెప్పాను. ఏదైనా రాసుకోకుండా గుర్తుపెట్టుకోవడం ఆ ఆఫీసులోనే నేర్చుకున్నాను మరి.

అధికారి చివరిదాకా విని, "నువ్వెవరమ్మా?" అన్నాడు.

"వీసీ గారి ఆఫీసులో సహాయకురాలినండి."

ఆయన రిజిస్ట్రార్ గారి వైపు చూశాడు. చిత్తం గారు కాగితాలు తిరగేశారు. మళ్లీ తిరగేశారు. ఏడాదికని తీసుకున్నామనీ, గడువు ఎప్పుడో అయిపోయిందనీ, తర్వాత పొడిగించినట్టు ఉత్తర్వు ఏదీ లేదనీ చెప్పారు. చిత్తం తప్ప ఇంకో మాట ఆయన నోటి వెంట రావడం చాలామంది అప్పుడే విన్నారు.

"మరి జీతం ఎలా ఇస్తున్నారు?"

"ఫలహారాల పద్దులో పడుతోందండి."

నేను టీలకీ బిస్కెట్లకీ మధ్య ఎక్కడో ఉన్నానన్నమాట.

వీసీ గారు జాలిగా నా వైపు చూసి, "మా పిల్లేనండి. అప్పుడప్పుడు వచ్చి సాయం చేస్తుంటుంది. మేం కాదనలేం" అన్నారు.

"అయితే ఈ అమ్మాయి ఇక్కడి ఉద్యోగి కాదు" అన్నాడు అధికారి. ఆయన గొంతులో నా మీద కోపం లేదు. సిబ్బంది వాంగ్మూలాలు తీసుకోవడానికే తనకు అధికారం ఉందనీ, బయటివాళ్లవి తీసుకోవాలంటే వేరే ఉత్తర్వు కావాలనీ, అది రావడానికి సమయం పడుతుందనీ చెప్పాడు. నేను చెప్పినంతసేపూ రాసుకున్న కాగితాన్ని మధ్యకి మడిచి పక్కన పెట్టాడు. కూర్చోమ్మా అన్నాడు. నాకు కుర్చీ లేదు.

అప్పుడు ఫిలాసఫీ మేష్టారు నెమ్మదిగా లేచారు. వార్డెన్ మేడం గురించి మాట్లాడతారనుకున్నాను. ఆ మాటే ఎదురుచూస్తూ మేడం కూడా ఆయన వైపు తిరిగారు.

"మనవి ఏమిటంటే," అన్నారాయన, "నాకు డీన్ పదవి ఇస్తానన్నారు. దానికి ఉత్తర్వు వచ్చిందా అని..."

"మీకా?" అన్నారు చరిత్ర మేడం, కూర్చున్న చోటి నుంచే. "నాకు కదా అన్నది."

మూడో వరుసలోంచి భౌతికశాస్త్రం ఆయన దగ్గాడు. ఆయనకీ అదేనట. ఆ తర్వాత క్వార్టర్సు వాళ్లు లేచారు. ఒకే ఇల్లు, రెండు కుటుంబాలు. కొడుకు సీటుకి మాట పుచ్చుకున్న తండ్రి, అసలా కోర్సు ఉందా అని పక్కవాణ్ణి అడిగాడు. ఒకరి మాట ఒకరికి వినబడటం మానేసింది. అందరూ వీసీ గారిని చుట్టుముట్టారు. 'నాకొక్కడికే చెప్పారుగా' అని ప్రతి మనిషీ మొదలుపెట్టి, పక్కవాడూ అదే మాట అనడం విని మధ్యలో ఆగిపోయాడు. కేకలు లేవు. చదువుకున్నవాళ్లు కదా, కాస్త గట్టిగా అడిగారంతే.

వార్డెన్ మేడం నిలబడే ఉన్నారు. ఆవిడ గురించి ఎవరూ అడగలేదు. ఇంత కాలం అందరూ నమ్మారు, ఇప్పుడు అందరి నమ్మకమూ ఒక్కసారే పోయింది. అదీ ఎవరికి రావలసింది వారికి రాలేదనే. నాన్న పనిలో మాట మీద నడుస్తుందంటే, మాట ఇచ్చినవాడు రేపు కూడా అదే వీధి మలుపులో కూర్చుని ఉంటాడు గనక నడుస్తుంది. ఇక్కడ మాట ఇచ్చిన మనిషికి తలుపున్న గదీ, తలుపు బయట నేనూ ఉండేవాళ్లం. ఈ తేడా ఆ హాల్లో నిలబడ్డప్పుడే తెలిసింది.

అధికారి బల్ల మీద రెండుసార్లు తట్టి, ఇవి తన పరిధిలోవి కావన్నాడు.

నివేదిక వచ్చింది. నీళ్ల సంగతి సకాలంలో పైవారి దృష్టికి తేలేదని వార్డెన్ మేడంను హాస్టల్ నుంచీ, తర్వాత పాఠాల నుంచీ కూడా తప్పించారు. ఇకమీదట సిబ్బంది ఏ విషయమైనా రాతపూర్వకంగానే చెప్పాలని అందులో ఒక సూచన ఉంది. వీసీ గారు దాన్ని ఎంతో ఉత్సాహంగా అమలు చేశారు. కాగితం విలువ గురించి ఆయన చేసిన ప్రసంగం బాగుందని విన్నాను. అప్పటికి నేను అక్కడ లేను. నన్ను ఎవరూ తీసేయలేదు, తీసేయడానికి నేను ఉండాలి కదా. నెల తిరిగితే కవరు రాలేదు, అంతే. ఇప్పుడు ఒక మందుల దుకాణంలో బిల్లులు రాస్తున్నాను. నాన్న తాళాల పెట్టెలోంచి కార్డు తీసేశాడో లేదో నేను అడగలేదు.

మొదటి సంవత్సరం పిల్ల బతికింది. వాళ్ల నాన్న ఆ పిల్లను ఇంటికి తీసుకుపోయాడు, మళ్లీ పంపలేదు. వార్డెన్ మేడం వాళ్ల ఊరికి వెళ్లి, ఇంకో కాలేజీలో చేర్పిస్తానని బతిమాలారట. ఆయన ఆవిడకీ దండం పెట్టి తలుపు వేసుకున్నాడట. పత్రికలో తప్పు ఆవిడదేనని వచ్చిందని ఆయన విన్నాడు మరి.

మేడం ఇప్పుడు మా దుకాణానికి రెండు వీధుల అవతల ఒక ట్యుటోరియల్లో లెక్కలు చెబుతున్నారు. పొట్టిగా ఉంటారు, చెవుల పక్కన జుట్టు నెరిసింది, బోర్డు మీద రాసిందల్లా పిల్లల్ని రెండేసిసార్లు అడుగుతారు. మొన్న ఒక తల్లి, ఈవిడేనా ఆ హాస్టల్ ఆవిడ అని గుమ్మంలోంచి పిల్లని వెనక్కి తీసుకుపోయింది. మేడం డస్టరు తీసుకుని బోర్డు తుడిచారు.

అందుకని మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ఆవిడ మీకెక్కడైనా తారసపడితే, పక్కనున్నవాళ్లు మీ చెవిలో ఏదైనా చెబితే, ఆవిడ ముందే చెప్పారని గుర్తుపెట్టుకోండి. గొట్టం గురించి చెప్పారు, తొట్టి గురించి చెప్పారు, వాసన గురించి చెప్పారు. దయచేసి ఆవిడను అలా గుర్తుపెట్టుకోండి.